పూజలో వినపడిన పేరు

కోడూరు అవతల రొయ్యల చెరువుల మధ్య, ఒకప్పుడు మేత బస్తాలు దాచుకున్న రేకుల షెడ్డులో ఆదివారం పూజ జరుగుతుండగా కరెంటు పోయింది. పోయిన వారం అక్కడే మనం ఆగాం. షెడ్డులో పెద్ద ఫ్యాను ఆగిపోయింది. బయట చెరువుల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు కూడా ఆగిపోయాయి. ఎన్నడూ లేని ఆ నిశ్శబ్దంలో, బలిపీఠం మెట్టు మీద మోకరించి ఉన్న ఉపదేశి దైవాధీనానికి, ఫాదర్ సుందరరాజు లతీనులో గొణుగుతున్న జపం మాటమాటా వినపడింది. అందులో పోపుగారి పేరు ఉంది.

పూజలో పోపుగారి పేరు చదవడంలో వింతేముందని అడిగేవాళ్లు ఈ కథని మధ్యలో అందుకున్నవాళ్లయి ఉండాలి. ప్రపంచంలో ఏ కతోలిక గుడిలోనైనా చదువుతారు. ఆ షెడ్డులో చదవరు. చదవకూడదనే ఆ షెడ్డు పుట్టింది. అక్కడ చేరే ఇరవై కుటుంబాల నమ్మకం ఒక్కటే. అరవై ఏళ్ల కిందట రోములో మహాసభ పెట్టి పాత పూజకి ఎసరు పెట్టిన నాటినుంచీ ఆ సింహాసనం ఎక్కినవాళ్లెవరూ పోపులు కారు. పునీత పేతురు కుర్చీ ఖాళీగా ఉంది. ఖాళీ కుర్చీకి పేరుండదు. కాబట్టి ఆ పేరు రావలసిన చోటుని ఫాదర్ దాటేసి చదువుతాడు. పన్నెండేళ్లుగా అందరూ అలాగే నమ్ముతున్నారు.

నమ్మడమే తప్ప విన్నవాళ్లు లేరు. ఆ జపాన్ని గురువు తనలో తాను చదువుకోవాలి. తన చెవికి వినపడాలి, వెనకున్న జనానికి వినపడకూడదు. పాత పూజ నియమం అది. అయితే ఈ ఏడాది ఫాదర్ చెవులు మొద్దుబారాయి. తన మాట తనకి ఆనడం కోసం ఆదివారం ఆదివారానికీ గొంతు కొంచెం పెంచుతూ వచ్చాడు. పెంచుతున్నట్టు ఆయనకే తెలియదు. ఫ్యాను హోరులో ఇంకొకరికీ తెలియలేదు.

దైవాధీనం పూజకి అడ్డు రాలేదు. గంట కొట్టవలసిన చోట కొట్టాడు. లతీనులో చెప్పవలసిన జవాబులు చెప్పాడు. దివ్యసత్ప్రసాదపు అప్పం నాలుక మీద పెట్టే వేళకి మాత్రం నోరు తెరవలేదు. ఫాదర్ చెయ్యి అతని ముఖం ముందు కాసేపు ఆగి, పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయింది. ముందు వరసలో ఉన్న అగ్నేసమ్మ ముసుగు సవరించుకునే నెపంతో తల తిప్పి మరీ చూసింది.

పూజ అయింది. జనం ఇడ్లీల కోసం బయటికి నడిచారు. దైవాధీనం కొవ్వొత్తులు ఆర్పి, పీఠం వెనక రేకు అడ్డుపెట్టి కట్టిన గదిలోకి వెళ్లాడు.

అతనికి అరవై నాలుగేళ్లు. చదివింది ఊళ్లో ఏడో తరగతి. ఊరందరి కతోలిక గుడి అయిన విచారణ గుడిలో పాతికేళ్లు ఉపదేశిగా చేశాడు. పిల్లలకి జపాలు నేర్పాడు, గురువు రాలేని ఆదివారాల్లో వాక్యం చదివాడు. గుడిలో పాత పీఠం పగలగొట్టి బల్ల వేసినప్పుడు సణిగాడు. పూజలో హారతి పళ్లెం తిప్పినప్పుడు లేచి బయటికి వచ్చేశాడు. మళ్లీ ఆ మెట్లు ఎక్కలేదు. కొట్టుకుపోయే మనిషి కాదు, పట్టిన పట్టు వదిలే మనిషీ కాదు. ఊళ్లో అతన్ని గౌరవించేవాళ్లున్నారు గానీ ఇష్టపడేవాళ్లు తక్కువ. ఇష్టపడిన ఒక్క మనిషి మూడేళ్ల కిందట పోయింది.

సరోజ గుడివాడలో సి.ఎస్.ఐ. వాళ్లింట్లో పుట్టింది. పెళ్లి కోసం కతోలికురాలైంది. జపమాల నేర్చుకుంది, శుక్రవారం నీచు మానేసింది. షెడ్డు కట్టిన కొత్తలో మొగుడు కుర్చీ ఖాళీ సంగతి వివరంగా చెబుతుంటే చేపలు తోముతూ వినేది. "మా పుట్టింట్లో పోపే లేడు. మీ ఇంట్లో ఉన్నవాడు పోపు కాదు. ఇంతోటి దానికి నన్ను మతం ఎందుకు మార్చారండీ?" అని ఒకసారి అంది. ఆ మాటకి ఆయన రెండు రోజులు అన్నం తినలేదు. ఆవిడ మళ్లీ అనలేదు.

రోగం ముదిరి బందరు ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లమన్నాక, చివరి రోజున తుఫాను వాన పట్టుకుంది. ఫాదర్ సుందరరాజుకి ఫోన్ చేస్తే తిరుచ్చిలో ఉన్నానని, బళ్లు నడవడం లేదని చెప్పాడు. సాయంత్రం విచారణ ఫాదర్ వచ్చాడు. మోటారుసైకిల్ మీద నిలువునా తడిసి, పోయేముందు ఒంటికి రాసే అవస్థ అభ్యంగనం నూనె చొక్కా లోపల దాచుకుని వచ్చాడు. దైవాధీనం గేటు తియ్యలేదు. అడ్డంగా నిలబడ్డాడు. తెల్లారేలోగా సరోజ పోయింది. పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు, నూనె లేదు, నోట్లో అప్పం లేదు. విచారణ శ్మశానం వద్దని తన అరెకరం పొలం గట్టు మీదే పాతిపెట్టాడు.

దొంగ నూనె కంటే అసలు నూనె లేకపోవడమే మేలని ఈ మూడేళ్లూ తనకి తాను చెప్పుకున్నాడు. ఆ ఒక్క మాట మీద నిలబడ్డాడు. దాన్ని నమ్మబట్టే రోజూ పొద్దున లేచాడు, నమ్మబట్టే రోజూ ఆవిడ ఆత్మ కోసం జపమాల తిప్పాడు. ఇవాళ ఫ్యాను ఆగింది, ఆ మాట పోయింది.

ఫాదర్ మెడలోని పట్టీ తీసి, ముద్దుపెట్టుకుని మడత పెడుతున్నాడు. దైవాధీనం తలుపు దగ్గరికి వేశాడు. చెవుడు మనిషి కాబట్టి పెదాలు కనపడేలా ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఎప్పట్నుంచి చదువుతున్నారండీ ఆయన పేరు?"

ఏ పేరని ఫాదర్ అడగలేదు. అడిగి ఉంటే దైవాధీనానికి ఇంకా కాస్త ఆశ మిగిలేది.

"కూర్చోండి ఉపదేశిగారూ."

"నిలబడతాను."

"మొదట్నుంచీ చదువుతున్నానండీ," అన్నాడు ఫాదర్. మడతపెట్టిన పట్టీని మళ్లీ విప్పి మళ్లీ మడతపెట్టాడు. "పోపుగారి పేరు, ఆ వెనకే మన పీఠాధిపతులు బిషప్పుగారి పేరు. ఒక్క ఆదివారం కూడా మానలేదు."

ఆయన ఇంక దాచుకోలేదు. దాచుకునే ఓపిక అయిపోయిన మనిషిలా చెప్పుకుపోయాడు. మొదటిరోజు ఆ చోటికి వచ్చేసరికి దాటేద్దామనే అనుకున్నాడట. నోరు దాటలేదట. పోపు లేడంటే ఆ పోపు నియమించిన పీఠాధిపతులు లేరు, వాళ్లు పట్టాభిషేకం చేసిన గురువులు లేరు, తను గురువే కాదు. తను గురువు కాకపోతే చేతిలో ఉన్నది వట్టి గోధుమ అప్పం. అప్పం ఎత్తి పట్టుకుని అలా అనుకోవడం తన వల్ల కాలేదన్నాడు. మొన్న వేసవిలో పోపుగారు చనిపోయి కొత్తాయన్ని ఎన్నుకునేదాకా, ప్రపంచంలో అన్ని గుళ్లలోనూ గురువులు ఆ పేరు లేకుండానే పూజ చేశారు. ఆ కొన్ని వారాలే తను ఈ షెడ్డులో దొంగతనం లేకుండా పూజ చేశానని చెప్పాడు. కొత్తాయన వచ్చాడని టీవీలో చూసి బందరులో గది తలుపేసుకుని ఏడ్చాడట. సంతోషంతో కాదు, మళ్లీ మొదలవుతుందని.

దైవాధీనం ఇదంతా కదలకుండా విన్నాడు. ఏడుపు అతన్ని కదిలించలేదు.

"ప్రసంగంలో మాత్రం కుర్చీ ఖాళీ అన్నారు."

"అన్నాను."

"అన్నేళ్లూ అన్నారు."

"నేను మీ ఊరొచ్చింది పాత పూజ చెయ్యడానికండీ. కుర్చీ ఖాళీ అన్న మాట నేను తేలేదు. ఈ షెడ్డులో మొదటి ఆదివారం మీరే లేచి చెప్పారు. అందరూ అవునన్నారు. నేను కాదనలేదు. కాదంటే మీరంతా లేచిపోతారు. పాత పూజకి మనుషులుండరు."

"కాదనకపోవడం వేరు, అవుననడం వేరు."

"అవుననే అన్నాను. మీ వైపు తిరిగినప్పుడు అన్నాను. పీఠం వైపు తిరిగాక అనలేకపోయాను. మీతో ఆడినట్టు ఆయనతో అబద్ధం ఆడలేను గదండీ."

బయట ఎవరో నవ్వుతున్నారు. ఇడ్లీల గిన్నె మూత కిందపడిన చప్పుడయింది. దైవాధీనం గోడకి చెయ్యి ఆనించాడు. ఎండకి రేకు కాలుతోంది. చెయ్యి తియ్యలేదు.

"సరోజ పోయిన రోజు మా గేటు దగ్గరికి వచ్చిన విచారణ ఫాదర్, పూజలో ఏ పేరు చదివేవాడండీ?"

ఫాదర్ తల దించుకున్నాడు. "అప్పుడున్న పోపుగారి పేరు."

"మీరో?"

"అదే పేరు."

"అయితే ఆ రోజు నేను ఎవర్ని ఆపాను?"

ఫాదర్ మడతపెట్టిన పట్టీని పెట్టెలో పెట్టాడు. ఆ ప్రశ్నకి జవాబు ఉంది. అది చెప్పడానికి ఒక మనిషి వేరే మనిషిని చంపినంత పని చెయ్యాలి.

దైవాధీనం తనే మళ్లీ మాట్లాడాడు. ఈసారి గొంతులో కోపం లేదు. అతన్ని ఎరిగినవాళ్లకి కోపమే నయమనిపించే గొంతు అది. మీరు మోసగాడైనా మీ చేతిలో నూనె మంచిదేనని తేలింది, ఆ రోజు తిరుచ్చిలో చిక్కుకోకపోతే మీరు వచ్చి ఉండేవాళ్లు, సరోజకి అదైనా దక్కేది, వానకి బళ్లు ఆగిపోవడం నా ఖర్మ, అందులో మీ తప్పు లేదు అన్నాడు. ఒక మనిషిని ఒక్క విషయంలోనైనా క్షమించడం అతనికి అలవాటు లేని పని. ఆ మాటలు పూర్తయ్యేసరికి అలిసిపోయాడు.

అన్ని ప్రశ్నలకీ నిలబడ్డ ఫాదర్ ఆ ఒక్క క్షమకి కుర్చీలో కూలబడ్డాడు.

"నేను తిరుచ్చిలో లేనండీ."

దైవాధీనం గోడ మీంచి చెయ్యి తీశాడు.

"సరోజమ్మగారికి చివరి ఘడియలని విని, వాన మొదలవగానే బందరులో బస్సెక్కాను. మోపిదేవి దాటేదాకా బాగానే వచ్చింది. అవనిగడ్డలో దిగి కోడూరుకి ఆటో మాట్లాడుకుంటుంటే ఫోనొచ్చింది. సరోజమ్మగారు చేశారు."

"ఆ రోజు సరోజకి తల ఎత్తే శక్తి లేదు."

"మీ అమ్మాయి ఫోన్లోంచి చేశారు. అమ్మాయి చెవి దగ్గర పట్టుకున్నట్టుంది. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకున్నారు." ఫాదర్ కళ్లు మూసుకున్నాడు. "‘ఫాదర్‌గారూ, మీరు రావద్దండీ. మీరొచ్చి నూనె రాస్తే ఆయనకి తృప్తిగా ఉంటుంది. నాకుండదు. మీరు లోపలికొచ్చారంటే ఇంకొకరికి ఆయన గేటు తియ్యరు. విచారణ ఫాదర్‌ని రమ్మని కబురు చేశాను. మీరు దూరాన ఉన్నారంటే, ఎవరూ దిక్కులేదంటే, ఆయన తీస్తారు. ముప్పై ఏళ్లు కాపురం చేశాను, నాకు తెలుసు, తీస్తారు,’ అన్నారు. ఆ తర్వాత మీరు ఫోన్ చేసినప్పుడు నేనన్న తిరుచ్చి మాట ఆవిడ చెప్పించిందే. నేను వెనక్కి బస్సెక్కాను."

దైవాధీనానికి గేటు దగ్గర ఆ సాయంత్రం మొత్తం కళ్ల ముందుకి వచ్చింది. నిన్నెవరు పిలిచారని తను అడిగాడు. గొడుగు కూడా లేని ఆ కుర్ర గురువు నోరు విప్పలేదు. నీళ్లు ముక్కు మీంచి కారుతుంటే ఇంటి కిటికీ వైపు ఒకసారి చూశాడు, అంతే. చావింట్లో గేలం వెయ్యడానికి వచ్చాడనుకున్నాడు తను. షెడ్డుకి పోయిన కుటుంబాన్ని చచ్చేవేళ లాక్కుని, ఊరంతా చెప్పుకోవడానికి వచ్చాడనుకున్నాడు. అదే అన్నాడు కూడా. పిలిచిన మనిషి పేరు చెబితే ఆ మంచం మీది మనిషికి మిగిలిన ఆ కాస్త పొద్దూ నరకమవుతుందని ఆయన నోరు మూసుకున్నాడని ఇప్పుడు తెలిసింది.

ఆవిడ ఒకర్ని వద్దంది. తను ఇంకొకర్ని వద్దన్నాడు. ఇద్దరి మధ్యా సరోజ ఏమీ లేకుండా పోయింది. తీస్తారు, నాకు తెలుసు అంది. మొగుణ్ణి నమ్మడం ఒక్కటే ఆవిడ చేసిన పొరపాటు.

"బయట వాళ్లకి చెప్తారా?" అని ఫాదర్ అడిగాడు.

"నేనెందుకు? మీరే చెప్పండి. పీఠం వైపు తిరిగి చెప్పండి, అప్పుడైతే నిజం చెప్తారు గదా."

తలుపు తీసుకుని బయటికి వచ్చాడు.

షెడ్డు ముందు రేకు నీడలో జనం కాగితం ప్లేట్లు పట్టుకుని నిలబడి తింటున్నారు. అతన్ని చూడగానే మాటలు తగ్గాయి. ఉపదేశి పేరెత్తి ఇంతసేపూ ఏదో అనుకున్నారని తెలుస్తూనే ఉంది. అగ్నేసమ్మ ఆగే మనిషి కాదు. ఆవిడ నోటికి గురువులే జంకుతారు.

"ఏం ఉపదేశిగారూ, అప్పం తీసుకోలేదేంటి? పరగడుపున తీసుకోవాలి గదా, పూజకి ముందు మజ్జిగ్గానీ తాగారా?" అంది. "మా ఆయన అలాగే ఒకసారి చుట్ట కాల్చి, అప్పం తీసుకోవచ్చా లేదా అని పూజ అంతా లెక్కలేసుకున్నాడు."

ఇద్దరు ముగ్గురు నవ్వారు. దైవాధీనం ఆవిడ పక్కనుంచే నడిచిపోయాడు. ఆవిడ చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉండిపోయింది.

కూతురు వినీల గట్టు మీద స్కూటీ దగ్గర నిలబడి ఉంది. అవనిగడ్డలో మందుల షాపులో పనిచేస్తుంది, ఆదివారం తండ్రిని ఇంటికి తీసుకెళ్లడానికి వస్తుంది. ఎండయినా వానయినా గట్టు మీదే నిలబడుతుంది. తల్లి పోయినప్పట్నుంచీ షెడ్డులో అడుగు పెట్టలేదు. ఈ కాలపు పిల్లలకి భక్తి లేదని తండ్రి అనుకున్నాడు. చాలాసార్లు ఆమె ముఖం మీదే అన్నాడు. ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. వండిపెట్టింది, బట్టలు ఉతికింది, ఆదివారం తీసుకొచ్చి దింపింది.

"ఆ రోజు నీ ఫోన్లోంచి అమ్మ ఎవరెవరికి చేసింది?" అని అడిగాడు.

వినీల ఉలిక్కిపడలేదు. పెట్టుకోబోతున్న హెల్మెట్ తీసి అద్దానికి తగిలించింది. షెడ్డు తలుపులో నిలబడిన ఫాదర్ వైపు చూసింది. ఎవరు చెప్పారో ఆమెకి అర్థమైంది.

"ఇద్దరికి. ఒకర్ని రావద్దంది, ఒకర్ని రమ్మంది. ఇద్దరూ ఆవిడ చెప్పినట్టే చేశారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగావా నాన్నా?"

"మీ అమ్మ నాతో ఒక్క మాట అనొచ్చు గదా. విచారణ ఫాదర్ కావాలని నాతోనే అనొచ్చు గదా."

"అంది. బందరు ఆస్పత్రిలో అంది, అంబులెన్సులో అంది. నాకు భయంగా ఉంది, మన విచారణ గుడి ఫాదర్ అయినా ఫర్వాలేదు అంది. నువ్వు ఏం చెప్పావో గుర్తుందా? రోములో ఏ మహాసభలో ఏం జరిగిందో చెప్పావు. చల్లపల్లి దాకా చెప్పావు. అమ్మ తన చావు గురించి మాట్లాడుతుంటే నువ్వు పోపు గురించి వాదించావు."

దైవాధీనం స్కూటీ సీటు పట్టుకున్నాడు. అంబులెన్సు గుర్తుంది. తను మాట్లాడటమూ గుర్తుంది. ఆవిడ కళ్లు మూసుకుని వింటుంటే ఒప్పుకుందనుకోవడం కూడా గుర్తుంది.

"నేను గేటు దగ్గర ఆయనతో అన్నవి..."

"అన్నీ వినపడ్డాయి. మంచం కిటికీ పక్కనే గదా. ఖాళీ కుర్చీ కింద పనిచేసేవాడి నూనె నా పెళ్లాం ఒంటికి తగలదన్నావు. అదీ వినపడింది. నేను కిటికీ వెయ్యబోతే వద్దని చెయ్యి పట్టుకుంది. బండి శబ్దం దూరమయ్యేదాకా వింది."

ఇద్దరి మాటలూ గాలికి షెడ్డు వైపు పోతున్నాయి. తినేవాళ్లు తినడం మానేశారు. అగ్నేసమ్మ ప్లేటు పక్కన పెట్టి కొంగుతో చెయ్యి తుడుచుకుని రెండడుగులు ముందుకి వచ్చింది. ఫాదర్ తలుపులోంచి కదల్లేదు. చెవికి అందకపోయినా ఏం జరుగుతోందో ఆయనకి తెలుసు.

"బండి పోయాక నన్ను దగ్గరికి రమ్మంది," అంది వినీల. "నాకో మాట చెప్పింది. నీకు చెప్పమంది. ఊరికే చెప్పొద్దంది. మీ నాన్న తనంతట తను అడిగితేనే చెప్పు, అడక్కపోతే నీతోనే పోనీ అంది. మూడేళ్లూ నీ పక్కనే ఉన్నాను. ప్రతి ఆదివారం ఈ గట్టు మీద నిలబడి, ఇవాళైనా అడుగుతావేమో అని చూశాను."

"అడుగుతున్నాను."

వినీల జనం వైపు చూసింది. "వీళ్లందరి ముందా? ఇంటికి పోయాక చెప్తాన్లే నాన్నా. విని తట్టుకోలేవు."

దైవాధీనం వెనక్కి తిరిగి ఆ ఇరవై కుటుంబాల్నీ చూశాడు. వాళ్లలో సగం మందికి పిల్లనాడు జపాలు నేర్పింది తనే. విచారణ గుడినుంచి పేరుపేరునా బయటికి తెచ్చింది తనే. వాళ్ల ఇళ్లలోనూ ముసలివాళ్లున్నారు, వాళ్ల వాకిళ్లకీ గేట్లున్నాయి.

"వీళ్ల ముందే చెప్పు," అన్నాడు. "వీళ్లని పోగుచేసింది నేనే గదా."

వినీల తండ్రికి దగ్గరగా వచ్చింది. గొంతు తగ్గించకుండానే, తల్లి చెప్పిన మాట చెప్పడం మొదలుపెట్టింది. (సశేషం)